పెట్టె నందిగామలో, ప్లేట్లు పేటలో

ఈ వారం కబుర్లు స్టూడియోలోంచి కాదు, అవుట్‌డోరు నుంచీ కాదు. మొన్న సంక్రాంతికి నేను చేసిన ఓ ప్రయాణం గురించి. జగ్గయ్యపేట నుంచి నందిగామకి. మొత్తం మీద ఓ 30 కిలోమీటర్లు. "ఇదీ ఓ ప్రయాణమేనా, దీనికో పేజీ కూడానా!" అని మీరు నవ్వుకోవచ్చు. నవ్వుకోండి. కానీ ఆ 30 కిలోమీటర్లు దాటడానికి మావాళ్ళకి 30 ఏళ్ళ పైనే పట్టింది.

మాది మెట్ట ప్రాంతం. ఒకప్పటి కృష్ణా జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లా. కృష్ణా జిల్లా అనగానే కాలవగట్లూ కొబ్బరిచెట్లూ ఊహించుకుని వచ్చినవాళ్ళు మా మిరపచేలూ, సిమెంటు ఫ్యాక్టరీలూ చూసి "ఇదేమిటీ" అంటారు. నీళ్ళకి కటకటలాడామేమో గాని పాటకి మాత్రం మేమెప్పుడూ కటకటలాడలేదు. ఎందుకంటే మా అమ్మగారి నాన్నకి పేటలో మైకుసెట్టు వుండేది.

మైకుసెట్టు అంటే ఇప్పటి కుర్రకారుకి కాస్త విప్పి చెప్పాలి. ఓ ఆంప్లిఫయరు, రెండు హారన్లు, ఓ బ్యాటరీ, ఓ రికార్డు ప్లేయరు, చెక్కపెట్టెల నిండా రికార్డులు. పెళ్ళికీ, ఓట్లకీ, తిరునాళ్ళకీ ఇదంతా ఎడ్లబండి మీద వెళ్ళాల్సిందే. వేపచెట్టు కొమ్మకి హారను కట్టి ముల్లు దించితే, ఎవరింట్లో పెళ్ళో చుట్టుపక్కల నాలుగూళ్ళకీ తెలిసిపోయేది. సినిమా మా వైపు రావడానికి నెలలు పట్టేది గాని పాట ముందే వచ్చేసేది. టూరింగ్ టాకీసు వాళ్ళదీ అదే పద్ధతి. డేరా మీది హారన్లోంచి ఘంటసాలగారి 'నమో వెంకటేశా' వినబడిందంటే ఇక ఆట మొదలవబోతున్నట్టే. అన్నం మధ్యలో వున్నవాడు కూడా చెయ్యి కడుక్కుని పరుగెత్తేవాడు.

తాతయ్యకి ఇద్దరు కొడుకులు. మా పెద్దమామయ్య, చిన్నమామయ్య. 1980లు వచ్చేసరికి క్యాసెట్లు వచ్చిపడ్డాయి. అరచేతిలో పట్టే క్యాసెట్లో పన్నెండు పాటలొస్తుంటే పెట్టెలకొద్దీ ప్లేట్లు మోసేవాడెవడు? మైకుసెట్టు మూలపడింది. తాతయ్య పోయాక పంపకాలు జరిగాయి. పొలం దగ్గర మాట పెరిగింది. అన్నదమ్ముల పంపకాల్లో చెంబులూ తపేలాలూ కూడా లెక్కకొస్తాయని మీకు తెలిసే వుంటుంది. మావాళ్ళ దగ్గర రికార్డులూ లెక్కకొచ్చాయి. పెద్దలు కూర్చుని తేల్చిందేమిటంటే, ప్లేట్లు పెద్దవాడికి, ప్లేయరు చిన్నవాడికి! చిన్నమామయ్య ఆ ప్లేయరు తీసుకుని నందిగామలో కాపురం పెట్టాడు.

ఆ తర్వాత కథ ఏ రచయితా రాయలేడు. పేటలో పెద్దమామయ్య రెండొందల పైచిలుకు రికార్డుల్ని ఏటా రెండుసార్లు తీసి, తుడిచి, మళ్ళీ నిలబెట్టి సర్దేవాడు. ఒక్కటీ వినలేదు. నందిగామలో చిన్నమామయ్య ప్లేయరుకి ఏటేటా నూనె పోసి, గుడ్డ కప్పి వుంచేవాడు. దాని మీద ఒక్క రికార్డూ పెట్టలేదు. పెళ్ళిళ్ళకీ చావులకీ ఒకరింటికొకరు వెళ్ళేవారు, పలకరించుకునేవారు. పెట్టె సంగతీ ప్లేట్ల సంగతీ మాత్రం ఇద్దరూ ఎత్తేవారు కాదు. వాడే అడగాలని ఈయన, ఆయనే ఇవ్వాలని వాడు.

భోగినాడు నేను పేటలో వున్నాను. పెద్దమామయ్యకి ఇప్పుడు డెబ్భై ఎనిమిది. పెట్టెలు నడవాలో పెట్టి తుడుస్తున్నాడు. "ఇంకా తుడుస్తూనే వున్నావా మామయ్యా?" అన్నాను.

"ఇదే ఆఖరు అల్లుడూ. పండగ వెళ్ళగానే ఒకతను వచ్చి మొత్తం పట్టుకుపోతానన్నాడు. సిటీలో వీటికి మళ్ళీ గిరాకీ వుందిట."

గిరాకీ నిజమే. అమెరికాలో 2020లో వినైలు రికార్డుల అమ్మకాల సొమ్ము సీడీల సొమ్మును దాటింది. 2022లో లెక్కకి కూడా సీడీల కంటే రికార్డులే ఎక్కువ అమ్ముడయ్యాయి. ఫోనులో లక్ష పాటలున్న కుర్రవాళ్ళే వీటిని కొంటున్నారు. ఆ గాలి మన హైదరాబాదుకీ సోకింది.

"అమ్మితే అమ్మావు గాని, ఒక్కసారి విని అమ్మరాదూ?" అన్నాను.

"దేని మీద వింటాన్రా?"

ఆ ప్రశ్నకి జవాబు ఇద్దరికీ తెలుసు. నేనూ మాట్లాడలేదు, ఆయనా మాట్లాడలేదు. అరిసెలు వత్తుతున్న అత్తయ్యే వంటింట్లోంచి అంది: "తమ్ముడింటికెళ్ళి రెండు పాటలు వినొస్తే ఏం, ముత్యాలు రాలిపోతాయా?"

మర్నాడు సంక్రాంతి. భోజనాలయ్యాక కారు వెనక సీట్లో పెట్టెలు సర్దాం. రికార్డుల్ని పడుకోబెట్టకూడదు, పుస్తకాల్లా నిలబెట్టాలి. ఒకదాని మీద ఒకటి పేరిస్తే కిందివి బరువుకి వంగిపోతాయి. పెద్దమామయ్య ముందు సీట్లో కూర్చోనన్నాడు. వెనక పెట్టెల పక్కనే ఇరుక్కుని వాటి మీద చెయ్యి వేసుకు కూర్చున్నాడు. చిల్లకల్లు దగ్గర హైవే ఎక్కేదాకా ప్రతి గతుక్కీ "మెల్లిగారా" అంటూనే వున్నాడు. "గంట కూర్చుని వచ్చేద్దాం. దీపాలవేళకి ఇంట్లో వుండాలి" అని రెండుసార్లు చెప్పాడు.

చిన్నమామయ్య గుమ్మంలో నిలబడి అన్ననీ చూశాడు, పెట్టెల్నీ చూశాడు. "రా అన్నయ్యా" అన్నాడు. అంతే. లోపలికెళ్ళి గుడ్డ తీసి ప్లేయరు పట్టుకొచ్చి మంచం మీద పెట్టాడు. హెచ్.ఎం.వి. వారిది, సూట్‌కేసులా మూతపడే రకం.

స్విచ్చి వేస్తే పళ్ళెం తిరిగింది గాని, నీరసంగా తిరిగింది. రికార్డు పెడితే సుశీలగారి గొంతు నిద్రపోతున్న మగవాడి గొంతులా వచ్చింది! లోపల మోటారుకీ పళ్ళేనికీ మధ్య చిన్న రబ్బరు చక్రం వుంటుంది. ఏళ్ళ తరబడి వాడక అది బిగుసుకుపోయి జారుతోంది. చిన్నమామయ్య స్క్రూడ్రైవరు తెచ్చాడు. చక్రం వూడదీసి, సన్నటి గరుకు కాగితంతో అంచు రుద్ది, మళ్ళీ బిగించడం. తిప్పి చూడటం. మళ్ళీ వూడదీయడం. పెద్దమామయ్య టార్చిలైటు పట్టుకు నిలబడ్డాడు. ఇద్దరికీ మధ్య "పైకి", "కిందికి", "ఆఁ, అంతే" తప్ప మాటల్లేవు. పళ్ళెం సరైన వేగం అందుకునేసరికి రాత్రి పదకొండు దాటింది.

మర్నాడు కనుమ. కనుమనాడు కాకి కూడా కదలదంటారు. మా పెద్దమామయ్య ఏ నమ్మకాన్నీ అంత పట్టించుకునే మనిషి కాదు. ఆ వేళ మాత్రం "కనుమనాడు ప్రయాణమేమిట్రా, తప్పు" అన్నాడు!

* * *

కాబట్టి అభిమానులారా, కనుమ రోజంతా మేం రికార్డులు విన్నాం. ఎలా విన్నామో చెబుతాను, పనికొస్తుంది.

పొద్దున్నే చిన్నమామయ్య మనవరాలు లేచొచ్చి మంచం దగ్గర కూర్చుంది. బీటెక్ మూడో ఏడు. చెవుల్లో ఎప్పుడూ ఏదో ఒకటి పెట్టుకుని వుండే పిల్ల. ముందుగా నల్లటి పెద్ద ప్లేటొకటి తీసి "ఇంత బరువేమిటి?" అంది. అది 78. నిమిషానికి 78 చుట్లు తిరిగే రికార్డు. ("మా అన్నయ్య వయసూ అంతే" అన్నాడు చిన్నమామయ్య. "స్పీడు కూడానా?" అంది మనవరాలు.) పది అంగుళాల ప్లేటు, ఒక్కో వైపు మూడు నిమిషాల పాట. ఆ మూడు నిమిషాల్లోనే పల్లవి, చరణాలు అన్నీ ఇమడాలి. పాట పొడుగైతే సగం ఈ వైపు, సగం ఆ వైపు. ఘంటసాలగారి పుష్పవిలాపం పద్యాల్లాంటివి విన్నవాళ్ళకి, మధ్యలో ఎవరో లేచి ప్లేటు తిప్పడం ఆ పద్యంలో ఒక భాగమే.

ఈ 78లు వినైలు కాదు. వీటిలో వుండేది లక్క. పాండవుల లక్క ఇల్లు తెలుసుగా, ఆ లక్కే! పురుగులు చెట్ల కొమ్మల మీద పెట్టే లక్కని రాతిపొడితో కలిపి అచ్చు పోసేవారు. మన దేశంలో 1908లోనే కలకత్తాలో రికార్డుల ఫ్యాక్టరీ పెట్టారు. తర్వాత డమ్‌డమ్‌లో పెద్దది వచ్చింది. మన తెలుగు పాట మద్రాసులో పుట్టినా ప్లేటుగా మారడానికి కలకత్తా వెళ్ళి రావాల్సి వచ్చేదన్నమాట. లక్క ప్లేటు కిందపడితే పెంకులా పగులుతుంది. స్పిరిట్‌తో తుడిస్తే కరిగిపోతుంది. ఆ సంగతి తెలియక శుభ్రం చేస్తున్నాననుకుని పాటని తుడిచిపారేసినవాళ్ళున్నారు. జాగ్రత్త!

వినైలు తర్వాత వచ్చింది. 1948లో అమెరికాలో కొలంబియా కంపెనీ 33⅓ చుట్ల ఎల్.పి. తెచ్చింది. మరుసటేడు ఆర్.సి.ఏ. కంపెనీ 45 చుట్ల చిన్న ప్లేటు తెచ్చింది. మన ఇళ్ళకి చేరిన ఏడంగుళాల ఇ.పి.లు 45 చుట్లవే. అటు రెండు పాటలు, ఇటు రెండు పాటలు. పన్నెండంగుళాల ఎల్.పి. అయితే ఒక్కో వైపు ఇరవై నిమిషాల పైనే. గాడి సన్నం, ముల్లు సన్నం. 78కి వాడే ముల్లు వేరు, వీటికి వాడే ముల్లు వేరు. మా ప్లేయరుకి రెండూ వున్నాయి. చిన్న మీట తిప్పితే ముల్లు మారుతుంది. పొరపాటున ఒకదానికొకటి వాడారో, పాటకి గండమే.

ఇక అట్టలు! ఇ.పి. అట్ట మీద హీరో హీరోయిన్ల బొమ్మ, వెనక పాటలూ పాడినవాళ్ళూ రాసినవాళ్ళూ. మా చిన్నప్పుడు మాకవే పోస్టర్లు, అవే సినిమా పుస్తకాలు. సినిమా చూడకుండానే అట్ట చూసి కథ అల్లేసేవాళ్ళం. మనవరాలు ఒక్కో అట్టా తీసి ఫోటోలు తీసుకుంటోంది. "తాతా, పాట ముందుకి జరపాలంటే ఎక్కడ నొక్కాలి?" అని అడిగింది.

"నొక్కడానికేం లేదమ్మా. వినాల్సిందే" అన్నాడు చిన్నమామయ్య.

ఇంతకీ వరస చెప్పలేదు కదూ. పొద్దున్న చిన్నత్తయ్య పట్టుబట్టి ఘంటసాలగారి భగవద్గీత పెట్టించింది. 1974 ఫిబ్రవరిలో ఆయన పోయాక ఆ రికార్డు మోగని వూరు మా వైపు లేదు. చౌటపల్లిలో పుట్టిన మా జిల్లావాడే కదా అని మాకు కాస్త గర్వం. ఆ గీత విన్నంతసేపూ లోపల మినప్పప్పు రుబ్బుతూనే వున్నారు. కనుమనాడు మినుము తినాలిగా. గారెలు వచ్చేసరికి ఇ.పి.లు మొదలయ్యాయి. కోడికూర దగ్గర ఎల్.పి.లు. 'శంకరాభరణం' పెడితే వీధిలో పోయేవాళ్ళు ఆగిపోయారు. 1980 నాటి సినిమా. మహదేవన్‌గారి సంగీతం, బాలుగారికి మొదటి జాతీయ అవార్డు తెచ్చిన పాటలు. వాళ్ళంతా ఆ పాటలు ఎన్నోసార్లు విన్నవాళ్ళే, జేబులో ఫోనులో వున్నవాళ్ళే. అయినా అరుగు మీద కూర్చున్నారు. ఎవరో లేచి రెండో వైపు తిప్పేదాకా ఎవరూ కదల్లేదు.

మధ్యాహ్నం 'దానవీరశూర కర్ణ' మాటల రికార్డు. 1977 సంక్రాంతికి వచ్చిన సినిమా. పాటలకన్నా మాటలే ఎక్కువ మోగాయి దానివి. కొండవీటి వెంకటకవిగారి మాటల్ని దుర్యోధనుడి వేషంలో రామారావుగారు ఎలా పలికారో ఈ పేజీ చదివేవాళ్ళకి నేను చెప్పాలా? మా చిన్నమామయ్య రికార్డు కంటే అర సెకను ముందే అన్నీ చెప్పేస్తున్నాడు, చేతిలో గద వున్నట్టు. మనవరాలు నవ్వలేక నవ్వలేక ఫోనులో పట్టింది. తర్వాత ఫోను పక్కన పెట్టేసి రెండో వైపు తనే తిప్పింది. ప్లేటుని అరచేతుల మధ్య అంచులు పట్టుకుని, గాడి మీద వేలు పడకుండా. పెద్దమామయ్య నేర్పిన పద్ధతి.

సాయంత్రం వెలుతురు తగ్గుతుండగా పెద్దమామయ్య ఓ పెట్టె అడుగునుంచి చిన్న ప్లేటొకటి తీశాడు. లేబులు మీద తాతయ్య తెల్లరంగుతో వేసిన వరస నంబరు ఇంకా వుంది. 'లవకుశ'.

1963 మార్చి 29న విడుదలైన సినిమా. డబ్బు అందక ఏళ్ళ తరబడి ఆగిపోయి, తండ్రి సి. పుల్లయ్యగారు మొదలుపెట్టింది కొడుకు సి.యస్. రావుగారు పూర్తిచేసిన సినిమా. బళ్ళు కట్టుకుని, అన్నాలు మూటగట్టుకుని వెళ్ళి చూశారు జనం. లవుడికీ కుశుడికీ లీల, సుశీల గొంతు కలిపి పాడిన పాటలు మా తాతయ్య హారన్లోంచి ఎన్ని వందలసార్లు వచ్చివుంటాయో లెక్కలేదు.

పాట మొదలైంది. బాగానే సాగుతోంది. ఓ చోటికి వచ్చేసరికి ముల్లు తట్టుకుంది. ఒకే ముక్క మళ్ళీ, మళ్ళీ, మళ్ళీ. రికార్డు మీద గాడి చుట్టలు చుట్టుకుంటూ లోపలికి వెళుతుంది. అడ్డంగా గీత పడితే ముల్లు ముందుకి పోలేక వెనకటి చుట్టులోకే జారుతుంది. దాన్ని వేలితో ఓ పిసరు తోయాలి. మనవరాలు లేవబోయింది. అంతకుముందే ఇద్దరు ముసలివాళ్ళూ ఒక్కసారిగా చెయ్యి చాపారు. ఇద్దరి చేతులూ ప్లేయరు మీద ఆగిపోయాయి.

పాట అక్కడే తిరుగుతోంది.

"పెనుగంచిప్రోలు" అన్నాడు చిన్నమామయ్య.

తిరుపతమ్మ తిరునాళ్ళకి ఏటా మా తాతయ్య సెట్టే. ఒక ఏడు అర్ధరాత్రి ఎవరో ప్లేయరుకి తగిలారు. ముల్లు ప్లేటు మీద గీసుకుపోయింది. కొత్త రికార్డు. పక్కన కునుకు తీస్తున్న చిన్నవాడిని తాతయ్య లేపి, జనం మధ్యలో నాలుగు తగిలించాడు. ఈ కథ మా ఇంట్లో అందరికీ తెలుసు. గీత పడేసింది చిన్నోడేనని అందరికీ తెలుసు.

పెద్దమామయ్య చెయ్యి తీయలేదు. "ఆ గీత నేను పడేశాన్రా" అన్నాడు. "వైరు దాటబోయి తన్నేశాను. నాన్న నిన్ను కొడుతుంటే చూస్తూ నిలబడ్డాను."

పాట ఇంకా అక్కడే తిరుగుతోంది. అత్తయ్య వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"నాకు తెలుసులే అన్నయ్యా" అన్నాడు చిన్నమామయ్య. "దెబ్బలకి ముందే మెలకువ వచ్చింది. నువ్వు తన్నడం చూశాను." కాసేపాగి అన్నాడు: "ముందు ముల్లు జరుపు. రికార్డు అరిగిపోతోంది."

పెద్దమామయ్య జరిపాడు. పాట ముందుకి సాగింది.

* * *

అంతకుమించి ఆ రాత్రి ఏ మాటలూ జరగలేదు. పొలం గొడవ పొలం గొడవగానే వుంది. సినిమాలో అయితే ఇక్కడ కౌగలింతలుండేవి, వెనక షెహనాయి వుండేది. మా వాళ్ళు గారెల్లో అల్లప్పచ్చడి ఎక్కువైందా తక్కువైందా అని వాదించుకుని పడుకున్నారు.

నేను మాత్రం చాలాసేపు మేలుకునే వున్నాను. ఆ 'లవకుశ' పాట నా ఫోనులోనూ వుంది. శుభ్రంగా, గీతా గింతా లేకుండా వుంది. తీసి చెవిలో పెట్టుకుని విన్నాను. గీత పడ్డ చోటు ఎప్పుడు దాటిపోయిందో కూడా తెలియలేదు. ఆ పాట ఎవరిదైనా కావచ్చు. నడవాలో వున్న ఆ ప్లేటు మాత్రం మా ఇద్దరు మామయ్యలది.

అన్నేళ్ళూ రికార్డులన్నీ పేటలో భద్రంగానే వున్నాయి. ఒక్కటీ పగల్లేదు, ఒక్కటీ వంగలేదు. పాట ఒక్కటే లేదు వాటిలో. ప్లేటుకి పెట్టె కావాలి, పెట్టెకి ప్లేటు కావాలి. ఇరవై నిమిషాలకోసారి లేచి తిప్పడానికి ఓ మనిషి, ఆ తిప్పేలోగా లేచిపోకుండా కూర్చునేందుకు ఇంకో ఇద్దరు మనుషులు కావాలి.

ముక్కనుమనాడు బయల్దేరబోతూ నేను పెట్టెలు కార్లో పెట్టబోతే పెద్దమామయ్య వద్దన్నాడు. "దసరాదాకా ఇక్కడుండనీ. దసరాకి పెట్టే ప్లేట్లూ కలిపి వాడే పేటకి తెస్తాడు." చిన్నమామయ్య తలూపాడు. "మరి ఆ కొనేవాడో?" అన్నాను. "పండగ ఇంకా అవలేదని చెప్పు" అన్నాడు పెద్దమామయ్య, కారెక్కుతూ. ఈసారి ముందు సీట్లోనే కూర్చున్నాడు.

అభిమానులారా, మీ ఇళ్ళలోనూ అటక మీద, మంచం కింద, బీరువా వెనక ఇలాంటి పెట్టెలుంటాయి. వచ్చే సెలవులకి దింపండి. ఎండలో మాత్రం పెట్టకండి. మన ఎండకి వినైలు అప్పడంలా వంగుతుంది. మెత్తటి పొడిగుడ్డతో గాడి వెంబడి గుండ్రంగా తుడవండి, అడ్డంగా కాదు. ముల్లు అరిగిందేమో చూసుకోండి, అరిగిన ముల్లు రికార్డుని దున్నేస్తుంది. ప్లేయరు మీ దగ్గర లేకపోతే ఎవరి దగ్గరుందో మీ పెద్దవాళ్ళని అడగండి. వాళ్ళకి తప్పకుండా తెలిసే వుంటుంది. చెప్పడానికి కాస్త తటపటాయిస్తారు, అంతే.

విన్నాక ఏ పాట దగ్గర ముల్లు ఆగిందో నాకో ఉత్తరం ముక్క రాయండి. వచ్చే వారం మళ్ళీ కలుద్దాం.